ఎడమ ఫ్రేము, కుడి ఫ్రేము

కళ్ళద్దాలు తయారుచేసే కార్ఖానాలో ఏళ్ళ తరబడి సానరాయి దగ్గర కూర్చున్న పెద్దాయనకు ఒక కోడలుంది. కథ ఆవిడది, కష్టం ఇద్దరిదీ.

కోడలు ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే "కంప్యూటర్ల పని" అని తప్పించుకునేది. అసలు సంగతి చెబితే వినేవాళ్ళకు ఆవులింతలు వస్తాయి. ఎవరెవరో ఎప్పుడో రాసి, చేతులు దులుపుకుని వెళ్ళిపోయిన పాత సాఫ్టువేర్లకు అతుకులు వేయడం ఆవిడ పని. కొత్త ఇల్లు కట్టినవాణ్ణి అందరూ మెచ్చుకుంటారు. పాత ఇంటి కప్పు కారకుండా చూసేవాళ్ళకు "ఇంకా కారుతోందే" అన్న మాట తప్ప ఇంకేం దక్కదు. ఆ మాట వినీ వినీ ఆవిడకు చెవులు కాయలు కాశాయి.

ఇంట్లో మాత్రం ఏం తక్కువ? మొగుడు లారీ మీద తిరిగే మనిషి. ఇంట్లో కనిపించేది తక్కువ, ఫోనులో వినిపించేది ఎక్కువ. వంట, బట్టలు, కరెంటు బిల్లు, కుళాయి వాషరు, అన్నీ ఆవిడ నెత్తినే. అవి చాలవన్నట్టు ఈమధ్య మామగారి కళ్ళ సంగతొకటి వచ్చిపడింది.

మామగారంటే కార్ఖానాలో గౌరవం. గాజు మీద వెంట్రుకంత గీత ఉన్నా ఆయన బొటనవేలికి తెలిసిపోతుందని చెప్పుకునేవాళ్ళు. ఆయన కూడా ఆ మాట కాదనేవారు కాదు, కాస్త గొప్పలు చెప్పుకునే అలవాటుంది. అలాంటి మనిషి చేతిలోంచి వెళ్ళిన కళ్ళజోళ్ళు వెనక్కి రావడం మొదలైంది. పెట్టుకుంటే కళ్ళు తిరుగుతున్నాయని ఒకరు, మెట్టు అనుకుని గాలిలో కాలు పెట్టానని ఇంకొకరు. ఓనరు వాటిని పవరు చూసే మిషనులో పెట్టి చూశాడు. కంప్యూటరులో ఉన్న పవరొకటి, అద్దంలో ఉన్న పవరొకటి. ఇంక అడిగేదేముంది, సాన పట్టినవాడిదే తప్పు. "ఒకసారి కళ్ళు చూపించుకో పెద్దాయనా" అన్నాడు ఓనరు, మెత్తగానే.

మామగారు చూపించుకున్నారు. కొత్త అద్దాలు వచ్చాయి. గోరుచుట్టు మీద రోకలిపోటులా, అవి పెట్టుకున్న దగ్గర్నుంచి చూపు ఇంకా మందగించింది. స్కూటరు తాళాలు కొడుక్కి ఇచ్చేశారు. గోడ పట్టుకుని నడవడం నేర్చుకున్నారు. సానరాయి దగ్గర నిజంగానే రెండు మూడు అద్దాలు పాడుచేశారు. ఓనరు ఆయన్ని లేపి, పార్సిళ్ళు కట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. ఈ నెలాఖరు దాకా చూసి, ఆ తర్వాత ఇంటి దగ్గరే విశ్రాంతి తీసుకోమన్నాడు. విశ్రాంతి అన్న మాట ఎంత చేదుగా ఉంటుందో అప్పటిదాకా ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు.

ఆ రోజు పొద్దున మామగారు టీ కప్పులో పోసుకోబోయి పక్కన పోశారు. బల్ల మీద టీ పారుతుంటే చూస్తూ, "ఇంక నాకు కప్పెందుకమ్మా, బల్ల మీదే నాకేస్తే సరి" అన్నారు.

"అలా అనకండి మామయ్యా" అని కోడలు గుడ్డ తెచ్చి తుడిచింది. రాత్రి తుడిచిన బల్లే అది. ఆవిడకు విసుగొచ్చింది. విసుగొచ్చినందుకు సిగ్గేసింది. రెంటికీ తీరిక లేక బస్సెక్కింది.

ఆఫీసులో ఆవిడకు పైఅధికారి ఒకాయన ఉన్నాడు. ఏది అడిగినా "రేపు చూద్దాం" అంటాడని వెనకాల అందరూ రేపుసారు అంటారు. అలాంటివాడు ఆ రోజు ఆవిడ బల్ల దగ్గరికే వచ్చి "ఇది ఇవాళే చూడాలమ్మా" అన్నాడు. కోడలు భయపడింది.

సంగతేంటంటే, మామగారి కార్ఖానాకు ఆర్డర్ల సాఫ్టువేరు రాసిచ్చింది ఈ కంపెనీయే. "మా కోడలు వాళ్ళ దగ్గరే చేస్తుంది, నాది పూచీ" అని అప్పట్లో మామగారే ఓనరుకు చెప్పి ఇప్పించారు. రాసింది మాత్రం ఇంకో ఉద్యోగి. వాడు మొన్నీమధ్య మానేసి పోయాడు. వచ్చే ఏడాది ఒప్పందానికి కార్ఖానా వాళ్ళు ఔననలేదు, కాదనలేదు. పాత ఫిర్యాదులేమైనా మిగిలి ఉంటే చూసి, వాళ్ళను మంచి చేసుకుని రమ్మని రేపుసారు ఆజ్ఞ. దిక్కులేని పిల్లల్లాంటి పనులన్నీ చివరికి ఆవిడ ఒళ్ళోకే వస్తాయి.

పాత ఫిర్యాదులు తెరిచి చూసింది. అన్నీ మామూలువే. ఒకటి మాత్రం వింతగా ఉంది. కార్ఖానాలో ఆర్డర్లు ఎక్కించే అమ్మాయి రాసింది: "ఎడమ ఫ్రేమూ కుడి ఫ్రేమూ కలవడం లేదు. ఒక్కోసారి ఎడమది ఒకరిది, కుడిది ఇంకొకరిది అవుతోంది. దయచేసి చూడగలరు."

దాని కింద రేపుసారు స్వయంగా ఇచ్చిన జవాబు: "కళ్ళజోడు ఫ్రేములు సరిగ్గా కలవకపోతే అది మీ తయారీ లోపం. మా సాఫ్టువేరులో ఏ తప్పూ లేదు." ఫిర్యాదు మూసేశారు.

కోడలికి నవ్వొచ్చింది. ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టమన్నాడట వెనకటికొకడు. ఆ అమ్మాయి చెప్పింది కళ్ళజోడు ఫ్రేముల గురించి కాదు, తెర మీది ఫ్రేముల గురించి. తెరను గదులుగా విడగొట్టి ఒక్కో గదిలో ఒక్కో పేజీ చూపించే పాత పద్ధతి ఒకటుంది, ఆ గదులను ఫ్రేములంటారు. కార్ఖానా సాఫ్టువేరులో ఎడమ గదిలో మనుషుల పేర్లు, కుడి గదిలో వాళ్ళ కళ్ళ పవర్లు. కళ్ళద్దాల కార్ఖానా నుంచి ఫ్రేము అనే మాట వస్తే చదివేవాడికి ఏం తడుతుంది? అందులోనూ చదివేవాడు రేపుసారు అయితే?

నవ్వు సగంలో ఆగిపోయింది. ఎడమది ఒకరిది, కుడిది ఇంకొకరిది. పేరు ఒకరిది, పవరు ఇంకొకరిది.

సంచీ భుజాన వేసుకుని లేచింది. రేపుసారు "ఎక్కడికమ్మా?" అంటే "ఇవాళే చూడమన్నారుగా" అంది.

కార్ఖానాలో ఆర్డర్ల అమ్మాయి ఆవిడను చూసి ప్రాణం లేచొచ్చినట్టు కుర్చీ లాగింది. "అక్కా, మీరైనా చూడండి. నేను రాస్తే మీవాళ్ళు నన్నే తిట్టారు."

"తిట్టడం కాదులే, అర్థం కాలేదు. నువ్వు రోజూ ఎలా చేస్తావో అలాగే చేసి చూపించు. నేనున్నానని తీరు మార్చకు."

ఆ అమ్మాయి మహా జాగ్రత్త మనిషి. గ్యాసు కట్టేశానా లేదా అని వీధి చివరి నుంచి వెనక్కొచ్చి చూసుకునే రకం. ఎడమ గదిలో ఒక పేరు నొక్కింది. కుడి గదిలో ఆయన పవర్లు వచ్చాయి. తర్వాత ఇంకో పేరు నొక్కింది. ఆవిడ పవర్లు వచ్చాయి. అక్కడ చేయి ఆగింది. "ఇందాకటిది సరిగ్గా ఎక్కిందో లేదోనని ఒక్కసారి వెనక్కి వెళ్ళి చూసుకుంటానక్కా" అంటూ వెనక్కి బాణం నొక్కింది.

కుడి గది వెనక్కి వెళ్ళింది. ఎడమ గది కదల్లేదు. ఎడమవైపు రెండో ఆవిడ పేరు పచ్చగా వెలుగుతూనే ఉంది, కుడివైపు మొదటాయన పవర్లు కూర్చున్నాయి. ఒక గది చేసిన పని రెండో గదికి తెలీదు. ఒకే కప్పు కింద ఉంటూ మాటల్లేని మనుషుల్లా ఉన్నాయి.

"ఇప్పుడు చీటీ తీస్తావా?"

"తీస్తా. ఒక్కోసారి తేడా కళ్ళబడుతుంది, సరిచేసుకుంటా. హడావిడిలో ఉంటే..." ఆ అమ్మాయి గొంతు తగ్గింది. చీటీ బయటికొచ్చింది. పేరు ఎడమ గది నుంచి తీసుకుంది, పవరు కుడి గది నుంచి తీసుకుంది. చూడ్డానికి ముద్దుగా, ఏ వంకా లేకుండా ఉంది.

"ఈ చీటీ ఎక్కడికెళ్తుంది?"

"సాన దగ్గరికి. అద్దం తయారయ్యాక చించి చెత్తబుట్టలో వేస్తారు."

ఇంకేం కావాలి. చీటీలో ఉన్నది ఉన్నట్టు మామగారు సాన పట్టారు. చీటీ బుట్టలోకి పోయింది. కంప్యూటరు తెరిస్తే అందులో సరైన పవరే కనిపిస్తుంది. అద్దం ఒక్కటే తప్పుగా మిగిలింది, దాని వెనక మామగారు మిగిలారు.

"నీకు ముందు ఇక్కడ చేసిన గుమాస్తాకు ఎప్పుడూ ఇలా రాలేదా?"

"ఆయనా? రాసింది ఇంకోసారి చూసే అలవాటే లేదక్కా ఆయనకి" అంది ఆ అమ్మాయి. అజాగ్రత్త మనిషి ఉన్నన్నాళ్ళూ ఏ గొడవా లేదు. జాగ్రత్త మనిషి వచ్చాక కొంప మునిగింది. పాత సాఫ్టువేర్ల న్యాయం ఎప్పుడూ ఇలాగే ఏడుస్తుంది.

అప్పుడు కోడలికి ఇంకో అనుమానం వచ్చింది. "మా మామగారి కళ్ళజోడు కూడా ఇక్కడే చేశారు కదా? ఆయన ఆర్డరు తెరువు."

తెరిచింది. డాక్టరు రాసిన పవరు రెండు కళ్ళకూ ప్లస్ ఒకటిన్నర. దానికి ముందున్న ఆర్డరు ఎవరో టైలరమ్మది. ప్లస్ మూడున్నర.

మామగారు లోపలి గదిలో పార్సిళ్ళకు టేపు వేస్తున్నారు. టేపు చివర దొరక్క గోటితో గీరుతున్నారు. కోడలు వెళ్ళి ఏమీ చెప్పకుండా ఆయన ముక్కు మీది కళ్ళజోడు తీసుకుంది.

"ఎవరది? అమ్మాయ్, నువ్వా? ఇక్కడికెందుకొచ్చావు?"

"ఒక్క నిమిషం మామయ్యా." పవరు చూసే మిషనులో పెట్టింది. మూడున్నర. రెండోది కూడా మూడున్నర.

సంగతంతా చెప్పింది. మామగారు టేపు చుట్ట చేతిలో పట్టుకుని విన్నారు. విని, తల అడ్డంగా ఊపారు. "వద్దమ్మా. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కళ్ళు పోయినవాడు కంప్యూటరుది తప్పంటే నలుగురూ నవ్వుతారు. నామీద ప్రేమకొద్దీ అంటున్నావు."

"ప్రేమ కాదు మామయ్యా, లెక్క. డాక్టరు మీతో ఏమన్నాడు?"

"కొంచెమే మారిందన్నాడు. తీరా చీటీ చూస్తే మూడున్నర. పెద్దవాణ్ణి కదా, నొప్పించడమెందుకని అలా అన్నాడనుకున్నాను."

"మీరే సాన పట్టారా?"

"నా అద్దాలు ఇంకొకడి చేత పట్టిస్తానా? చీటీలో ఉన్నట్టు అచ్చంగా పట్టాను." ఆ అవస్థలోనూ కాస్త గర్వపడ్డారు.

"పెట్టుకున్నాక తేడా తెలీలేదా?"

"తీసేస్తే కాస్త నయంగా ఉండేది" అన్నారు మామగారు. "కళ్ళు బద్ధకిస్తున్నాయనుకుని మళ్ళీ పెట్టుకునేవాణ్ణి. కొత్త అద్దాలు కదా, అలవాటవుతుందని ఎంతమందికి చెప్పాను నేను! నాకూ అదే చెప్పుకున్నాను." ఆయన టేపు చుట్ట బల్ల మీద పెట్టేశారు. "అంటే ఇన్నాళ్ళూ ఆ టైలరమ్మ కళ్ళతో తిరుగుతున్నానా? పోనీ గుండీ కుట్టడమైనా రాలేదే."

కోడలికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. రెండూ మింగేసి ఓనరు గదిలోకి వెళ్ళింది.

ఓనరు మొదట ఒప్పుకోలేదు. సాఫ్టువేరులో తప్పు లేదని మీవాళ్ళే రాసిచ్చారు కదమ్మా అని ఆ జవాబు తీసి ముందు పెట్టాడు. ఆ జవాబు చూసే పెద్దాయనది తప్పని తేల్చుకున్నానన్నాడు. ఫ్రేము అన్న మాటను రేపుసారు ఎలా అర్థం చేసుకున్నాడో కోడలు చెప్పింది. ఓనరు పగలబడి నవ్వాడు. తర్వాత లేచి వచ్చి ఆర్డర్ల అమ్మాయి పక్కన నిలబడ్డాడు. వెనక్కి బాణం నొక్కడం తన కళ్ళతో చూశాక నవ్వు పోయింది. "ఆయన్ని అందరిముందూ అన్నానమ్మా" అని మాత్రం అన్నాడు.

ఈలోగా రేపుసారు ఫోను. "ఎలా ఉందమ్మా అక్కడ? చూడు, మన తప్పని మాత్రం అనకు. చిన్న మార్పు చేస్తున్నామను."

"చెప్పేశాను సార్. మన తప్పే, మన జవాబూ తప్పే."

"సరే, రేపు మాట్లాడదాం" అన్నాడు.

మధ్యాహ్నమంతా కోడలు అక్కడే కూర్చుని బాగుచేసింది. గొప్ప విద్యేమీ కాదు. కుడి గదిలోకి ఏ పేజీ వచ్చినా, ముందుకెళ్ళి వచ్చినా వెనక్కెళ్ళి వచ్చినా, రాగానే అది ఎడమ గదికి కబురు పెట్టాలి: ఇప్పుడు నా దగ్గరున్నది ఫలానా మనిషి అని. ఎడమ గది ఆ పేరు మీదికి వెలుగు జరపాలి. చీటీ పేరునూ పవరునూ చెరొక గదిలో అడగకూడదు, ఒక్కచోటే తీసుకోవాలి. ఇంతే. రాసినవాడు ఆ రోజే ఇంకో పూట కూర్చుని ఉంటే అయిపోయేది. వాడికి తీరిక లేదు, ఫిర్యాదు చదివినవాడికి ఓపిక లేదు, వాళ్ళిద్దరి అప్పూ తీర్చడానికి మూడోమనిషి నడుం పట్టేసేలా కూర్చుంది.

ఆర్డర్ల అమ్మాయి వెనక్కి బాణం నొక్కి నొక్కి చూసింది. రెండు గదులూ కలిసి కదిలాయి. ఆ పిల్లకు నమ్మకం కుదరక మళ్ళీ నొక్కింది. అప్పటిదాకా వెళ్ళిన కళ్ళజోళ్ళ సంగతి తేల్చమని ఓనరు దుకాణాలన్నిటికీ ఫోన్లు చేయించడం మొదలుపెట్టాడు. తిరిగి తెచ్చినవాళ్ళు కొందరే. తేకుండా, తమ కళ్ళే పోయాయనుకుని ఊరుకున్నవాళ్ళు ఎంతమందో.

సాయంత్రం కార్ఖానా మూసేముందు మామగారు సానరాయి దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఓనరు తనే స్టూలు తుడిచాడు. "ఇవాళొద్దులే పెద్దాయనా, మీ అద్దాలు ఇంకొకరు పట్టి ఇస్తారు, రేపు కూర్చుందురుగాని" అన్నాడు.

"నా అద్దాలు ఇంకొకడి చేతికిస్తానా?" అన్నారు మామగారు. కూర్చున్నారు. మిషను మీది సన్న అంకెలు ఆయనకు ఆనలేదు. మొహం దగ్గర పెట్టి చూసి, దూరం జరిగి చూసి, చివరికి "అమ్మాయ్, కొలత నువ్వు చదువు" అన్నారు.

కోడలు పక్కన నిలబడి వంగి చదివింది. "ఒకటిన్నరకు ఒక గీత ఇవతల ఉంది మామయ్యా."

"ఇప్పుడు?"

"గీత మీదికొచ్చింది."

నీళ్ళు పారుతుంటే గాజు సానకు ఆనింది. మామగారు కళ్ళు మూసుకుని బొటనవేలితో అంచు తడిమి చూశారు. ఇద్దరికీ ఇంట్లో కూడా ఇంతసేపు పక్కపక్కన ఉండే తీరిక చిక్కలేదు. కోడలికి కాళ్ళు పీకుతున్నాయి. కూర్చుంటే మళ్ళీ లేవలేనేమోనని నిలబడే ఉంది.

అద్దాలు ఫ్రేములో బిగించి, మిషనులో చూసి, గుడ్డతో తుడిచి, మామగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ముందు తన చేతులు చూసుకున్నారు. ఎదుటి గోడ మీది అక్షరాలు పైకి చదివారు. కిటికీలోంచి వీధి చివర ఆగిన బస్సు నంబరు చదివారు. ఓనరు చప్పట్లు కొట్టాడు. ఆర్డర్ల అమ్మాయి కళ్ళు తుడుచుకుంది. ఇంత జరిగాక మామగారు ఒక గొప్ప మాటేదో అంటారని అందరూ చూశారు.

ఆయన కోడలి వైపు తిరిగి ఆగిపోయారు.

"అమ్మాయ్, నీ మొహమేంటి ఇలా అయిపోయింది?"

"ఎలా అయింది మామయ్యా?"

"పిండి ఆరేసిన గుడ్డలా ఉన్నావు. కళ్ళ కింద ఆ నలుపేంటి? ఎప్పట్నుంచి?"

"బాగానే ఉన్నాను" అనబోయింది. ఫోనులో మొగుడికి, ఆఫీసులో అందరికీ అదే చెప్పేది. నాలుక చివరిదాకా వచ్చిన మాట ఎందుకో ఈసారి బయటికి రాలేదు. "చాలా రోజులైంది" అంది.

"రోజూ నీ ఎదురుగానే కూర్చుని టీ తాగాను కదమ్మా."

"మీకు కనిపించలేదు కదా మామయ్యా, ఆ అద్దాలతో."

"ఆ అద్దాలు రాకముందు?" అని ఆయనే అడిగారు, ఆయనే తలదించుకున్నారు. తర్వాత లేచి స్టూలు ఆవిడ వైపు జరిపారు. "కూర్చో."

"ఇంటికెళ్ళాలి, వంట..."

"వంటకు నా చేతులు పడిపోలేదు. కళ్ళు కూడా పోలేదని ఇందాక నువ్వే తేల్చావు. కూర్చో ముందు."

కూర్చుంది. కూర్చున్నాక కన్నీళ్ళు వాటంతటవే కారాయి, ఆవిడ ఆపుకోవడానికి ప్రయత్నం కూడా చేయలేదు. మామగారు ఎందుకని అడగలేదు. సాన మీద పారుతున్న నీళ్ళు కట్టేసి, పార్సిలు పెట్టె ఒకటి లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నారు.